తాతగారి పోస్టుకు చక్రవర్తి కావలెను

గంజాం జిల్లా బరంపురంలో ఈమధ్య మామూలు తాతలు దొరకడం లేదు. మగ్గం మీద పట్టు నేసిన తాత, కోర్టు అరుగుమీద దస్తావేజులు రాసిన తాత, పోస్టాఫీసు ముందు కూర్చుని మనియార్డరు ఫారాలు నింపిన తాత, అందరూ ఒక్కసారే మాయమయ్యారు. వాళ్ళ స్థానంలో సేనాపతులు, సామంతులు, సప్తసముద్రాలు దాటిన వర్తక శిఖామణులు వచ్చి కూర్చున్నారు. ఏ సంఘంవారి రజతోత్సవ సంచిక తెరిచినా మొదటి పేజీలో అధ్యక్షులవారి ఫొటో, రెండో పేజీలో కార్యదర్శిగారి ఫొటో, మూడో పేజీలో కళింగరాజు ఖారవేలుడు. ఖారవేలుడి ఫొటో ఎక్కడ దొరికిందండీ అని అడగకూడదు. ఆ మీసం నేనెరుగుదును, పాత పౌరాణిక సినిమాలో దుర్యోధనుడిది.

సంచిక చివర మడత విప్పితే వంశవృక్షం ఉంటుంది. పైన చక్రవర్తి, కింద కార్యదర్శి, మధ్య రెండువేల ఏళ్ళకు చుక్కలు. ఆ చుక్కల్లో ఎవరున్నారో ఎవరికీ అక్కర్లేదు. కార్యదర్శిగారి ముత్తాత పేరేమిటని అడిగి చూడండి. బుర్ర గోక్కుని, "మా అమ్మకి తెల్సుండేదండీ, పోయింది" అంటారు. ముత్తాత పేరు తెలియదు గాని ముత్తాతకు తొంభైమంది తాతల అవతల ఉన్నవాడి బిరుదులన్నీ కంఠతా వచ్చు.

మా వీధి మొగలో టీ కొట్టుంది. ఒక తెలుగు పెద్దమనిషి, ఒక ఒడియా పెద్దమనిషి రోజూ సాయంత్రం ఆ బల్లమీదే కూర్చుంటారు. టీ డబ్బులు ఇచ్చే దగ్గర నువ్వంటే నువ్వని తోసుకుంటారు గాని, అనంతవర్మ చోడగంగదేవుడి దగ్గర మాత్రం ఇద్దరూ నావాడంటే నావాడంటారు.

"పూరీ గుడి కట్టించినవాడు మావాడు కాకపోతే మరెవడు బాబూ?" అంటాడు ఒడియా ఆయన, చక్కటి బరంపురం తెలుగులో.

"ముకలింగం ఎల్లి చూసి రండి, శాసనాలు ఏ బాసలో ఉన్నాయో!" అంటాడు తెలుగాయన.

ముఖలింగం బరంపురానికి ఒక పూట ప్రయాణం. పర్లాకిమిడి మీదుగా పోతే వంశధార ఒడ్డున గుడి ఉంది, స్తంభాలమీద అక్షరాలూ ఉన్నాయి. ఇద్దరూ వెళ్ళలేదు. వెళితే తగువు ఎక్కడ తేలిపోతుందోనని భయం కాబోలు.

నిజానికి ఆ అక్షరాలు చదివితే తగువు తేలదు, ముదురుతుంది. 1078లో సింహాసనం ఎక్కిన ఈ చోడగంగదేవుడి గాంగ వంశంవారు తాము కర్ణాటకలోని కోలారు నుంచి వచ్చామని తమ శాసనాల్లోనే చెప్పుకున్నారు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. పుట్టిపెరిగిన రాజధాని కళింగనగరం, అంటే నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. అక్కడా, శ్రీకూర్మంలోనూ, సింహాచలంలోనూ ఈ గాంగుల కాలపు దానశాసనాలు తెలుగులో కొల్లలుగా ఉన్నాయి. ఆయన రాజ్యం ఉత్తరానికి పెరిగి, రాజధాని కటకానికి మారి, పేరు పూరీ జగన్నాథుడి గుడితో నిలిచింది. నాలుగు రాష్ట్రాలవాళ్ళు పోటీపడి ఆధార్ కార్డు ఇవ్వదగిన మనిషి. నేను తెలుగువాణ్ణా ఒడియావాణ్ణా అన్న బెంగ ఆయనకు ఒక్క రాత్రయినా నిద్ర చెడగొట్టి ఉండదు. ఆ బెంగ మనకు 1936 ఏప్రిల్ 1న, ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, గంజాం మద్రాసు నుంచి విడిపోయిన రోజున సర్కారువారు గెజిట్ ద్వారా మంజూరు చేశారు. మనకు మంజూరైన బెంగను తొమ్మిది వందల ఏళ్ళ కిందటి రాజుకు బకాయిలతో సహా చెల్లిస్తున్నాం.

అసలు ఆ రాళ్ళు చదివినాయన సంగతి చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. పుట్టింది ముఖలింగం పక్కనున్న పర్వతాలపేట. ఎవరూ నేర్పకుండా పాత లిపులు తనంతట నేర్చుకుని, ఆ గుడి శాసనాలు చదివి, కళింగనగరమంటే ఈ ఊరేనని వాదించి నిలబెట్టాడు. గాంగుల గురించి అంత తెలిసినవాడు కనీసం మా పూర్వీకులు గాంగుల మంత్రులని అయినా రాసుకోవచ్చు. రాసుకోలేదు. కొండల్లో ఉన్న సవరల దగ్గర కూర్చుని, వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టాడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయాడు. రాళ్ళు చదివినవాడికి రాజుల చుట్టరికం అక్కర్లేకపోయింది. చదవనివాళ్ళకే ఆ కరువు.

వేషం వేయడం మా ఊరికి కొత్త కాదులెండి. రెండేళ్ళకోసారి బుడి ఠాకురాణి యాత్ర వస్తుంది. దాన్ని నడిపేది తెలుగు నేతవాళ్ళయిన దేరాలే, ముందు నిలిచేది వాళ్ళ పెద్ద దేశిబెహరా. మొక్కుకున్నవాళ్ళు పులి వేషమో, రాజు వేషమో వేసి వీధులన్నీ తిరుగుతారు. కానీ యాత్ర అయిన మర్నాడు రంగు కడుక్కుని దుకాణం తెరుస్తారు. వంశవృక్షం వేసుకున్నవాడికి ఆ మర్నాడు రాదు.

ఇక అశోకుడు. జౌగడ బరంపురానికి ఉత్తరాన, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉంది. నలుచదరపు మట్టికోట, మధ్యలో రాయి, రాయిమీద బ్రాహ్మీ లిపిలో ఆయన శాసనాలు. 1850లో వాల్టర్ ఇలియట్ నకలు తీసుకున్న రాయి ఇది. జౌ అంటే లక్క కాబట్టి దుర్యోధనుడు పాండవులకు కట్టించిన లక్కయిల్లు ఇక్కడే అనేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ జోలికి నేను పోను, కనీసం వాళ్ళు దుర్యోధనుడి మనుమలమని చెప్పుకోవడం లేదు. నా గొడవ ఫోనుల్లో తిరిగే ఆ ఫొటోతో. జౌగడ రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడి తీయించుకుంటారు. కింద రాస్తారు: "మన కళింగవీరుల రక్తం చూసి చలించి, అశోకుడు మనకు క్షమాపణ చెప్పుకున్న పవిత్ర శిల ఇదే."

ఆ శిలమీద ఆ క్షమాపణ లేదు.

అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల్లో పదకొండు, పన్నెండు, పదమూడు జౌగడలో చెక్కలేదు, కళింగలోనే ఉన్న ధౌళిలోనూ చెక్కలేదు. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని, దానికి ఎన్నో రెట్లు మంది తరవాత పోయారని, అందుకు తాను పశ్చాత్తాప పడుతున్నానని చెప్పేది ఆ పదమూడోదే. అది గుజరాత్‌లో గిర్నార్‌లో ఉంది, పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీలో ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. దెబ్బతిన్నవాళ్ళ ఊళ్ళో తప్ప తక్కినచోట్ల ఉంది. చక్రవర్తి ఊరూరా చెప్పుకుని ఏడ్చాడు గాని, దెబ్బతిన్నవాడి ఎదుట నోరు మెదపలేదు. ఈమాత్రం రాజకీయం తెలిసినవాడు కాబట్టే అంత రాజ్యం ఏలాడు. దాన్ని అర్థం చేసుకోవాలంటే రాయి చదవాలి. ఫొటోకు అది అడ్డం.

ఇంకొకటి గమనించాను. ఈ చుట్టరికాల్లో అశోకుడి తరఫు మనుమలున్నారు, ఆయన్ని ఎదిరించిన కళింగ సేనాపతి మనుమలు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఆ సేనాపతి పేరు గాని, రాజు పేరు గాని ఏ రాతిమీదా లేకపోవడం వాళ్ళకు బాగా కలిసొచ్చింది. మరి చెరపట్టి తరలించిన లక్షన్నరలో ఒక్కరి మనుమడయినా ఏ సంచికలోనూ తగల్లేదు. లెక్క ప్రకారం మనలో చాలామందికి ఎక్కువ అవకాశం ఉన్నది ఆ బాపతుకే.

అల్లుడి వరస కూడా ఉంది. అశోకుడి రాణి కారువాకి కళింగపు పిల్ల కాబట్టి చక్రవర్తి మన అల్లుడట. కారువాకి పేరున్న శాసనం అలహాబాదు స్తంభం మీద ఉంది. తీవరుడి తల్లి అయిన రెండో రాణి ఇచ్చిన మామిడితోటలు, దానాలు ఆమె పేరనే లెక్క రాయాలని అధికారులకు తాఖీదు, అంతే. పుట్టిల్లు ఏదో అందులో లేదు. 2001లో హిందీ సినిమా ఒకటి వచ్చి ఆమెకు పుట్టిల్లు కట్టించి పెట్టింది. అప్పటినుంచి మనం ఆ పుట్టింటికి సారె మోస్తున్నాం.

ఖారవేలుడి దగ్గరా ఇదే తంతు. హాథీగుంఫా శాసనం నుంచి ఆయన దండయాత్రలన్నీ ఎత్తి రాస్తారు. మరి ఆ శాసనంలో పట్టాభిషేకం జరిగిన మొదటి ఏడు చేసిన పనేమిటి? గాలివానకు పాడైన తన రాజధాని కోటద్వారాలు, గోడలు, ఇళ్ళు బాగుచేయించాడు, చెరువుల గట్లు కట్టించాడు. ముప్ఫయి అయిదు లక్షలు ఖర్చయిందని లెక్క కూడా చెక్కించాడు. తరవాతి ఏళ్ళలో, పూర్వం ఒక నందరాజు తవ్వించిన కాలువను పొడిగించాడు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గంజాంలో పైకప్పులు లేచిపోయాయి. ఆ సంగతి ఎరిగిన ఊరు, తుపాను రిపేరు బిల్లు రాతిమీద చెక్కించిన రాజును ఎందుకు నెత్తిన పెట్టుకోవాలో తెలిసిన ఊరు. అయినా సంచికల్లో గుర్రం, కత్తి, మీసం. చెరువుగట్టు ఒక్క బొమ్మలోనూ లేదు.

సముద్రం సంగతికి వస్తే అసలు నాకు ఒళ్ళుమండేది ఇక్కడే. కార్తీక పున్నమి వస్తే ఒడియావాళ్ళు బలిద్వీపం వెళ్ళిన సాధబులనే వర్తకుల పేరున చిన్న పడవలు నీళ్ళలో వదులుతారు, మనవాళ్ళు అరటిదొప్పలో దీపం వదులుతారు. రెండూ ఒకే చెరువులో తేలుతాయి, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఆ మర్నాడే ఫోనులో మొదలు: జావా, సుమత్రా కట్టింది మావాళ్ళు, కాదు మావాళ్ళు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన పలూర రేవు చిలికా దక్షిణాన ఉన్న మన పాలూరేనని చాలామంది పండితులు ఒప్పుకున్నారు, సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచే చోటు ఆ చుట్టుపక్కలేనని ఆయన రాశాడు. దాన్ని నేనూ సంతోషంగా ఒప్పుకుంటాను. కానీ గోపాలపురం రేవు నుంచి ఓడలు వెళ్ళింది మరీ నిన్నగాక మొన్న. అందులో వెళ్ళినవాళ్ళు మన సొంత తాతలు. వాళ్ళ ఊసెత్తరేం?

రంగం వెళ్ళారు వాళ్ళు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఊళ్ళకు ఊళ్ళు స్టీమరు డెక్కుమీద కూర్చుని రంగూను వెళ్ళి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో ఊక తిన్నారు, రిక్షాలు లాగారు. అక్కడ వాళ్ళను కోరంగీలన్నారు. 1930 మేలో తెలుగు రేవుకూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తెమిలి వీళ్ళను మళ్ళీ పిలిచి బర్మీయులను పొమ్మన్న రోజున అల్లర్లు రేగాయి, మనవాళ్ళు వందల్లో చచ్చారు. జపాను బాంబులు పడ్డాక 1942లో వేలమంది అరకాను దారుల్లో నడిచి వచ్చారు, రానివాళ్ళు అక్కడే పడిపోయారు. వాళ్ళు పంపిన రంగం డబ్బుతోనే ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళు లేచాయో, ఎన్ని ఎకరాలు తాకట్టు నుంచి విడిపడ్డాయో. బలిద్వీపం వెళ్ళినవాడు మన తాతో కాదో బ్రహ్మకైనా తెలియదు. రంగం వెళ్ళినవాడు మన తాతే, ఇంట్లో ట్రంకుపెట్టె సాక్ష్యం. ఆయనకు కిరీటం లేదని చుక్కల్లో కలిపేశారు.

వి.వి. గిరిగారు 1894లో పుట్టింది బరంపురంలోనే. రైల్వే కూలీల సంఘం కట్టి, సమ్మెలు చేయించి పైకొచ్చిన మనిషి. ఆయన్ని కూడా సంచికలో వేస్తారు, రాష్ట్రపతిగా కోటు తొడుక్కున్న ఫొటో మాత్రమే.

సరే, అందరికీ తాతగా చక్రవర్తే కావాలంటే జౌగడకే మళ్ళీ వెళదాం. పదమూడో శాసనం బదులు అక్కడ చెక్కించింది రెండు ప్రత్యేక శాసనాలు. అవి సమాపా పట్టణంలోని మహామాత్రులకు, అంటే ఊరి అధికారులకు వచ్చిన తాఖీదులు. నేరం లేకుండా ఎవరినీ ఖైదులో పెట్టకండి, హింసించకండి అన్నాడు రాజు. అధికారికి ఉండకూడనివి ఏకరువు పెట్టాడు: అసూయ, ముక్కుమీద కోపం, కాఠిన్యం, తొందరపాటు, పని నేర్చుకోకపోవడం, సోమరితనం, అలసట. ఈ తాఖీదు పుష్యమి నక్షత్రం వచ్చిన ప్రతిసారీ బిగ్గరగా చదవాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలి. అయిదేళ్ళకోసారి తనిఖీకి మనిషిని పంపుతానన్నాడు. ఇంత విడమరిచి రాశాడంటే సమాపా కచేరీలో ఏం జరుగుతోందో పాటలీపుత్రానికి కబురు అందే ఉండాలి.

ఆ మహామాత్రుడి వంశం అంతరించిందంటే నేను నమ్మను. మొన్న పొలం మ్యుటేషన్ కాగితం కోసం ఒక కచేరీకి వెళితే, కిటికీ అవతల కూర్చున్నాయన మొహంలో ఆ ఏడు లక్షణాలూ వరస తప్పకుండా కనబడ్డాయి, చివరిదైన అలసటతో సహా. ఈ జిల్లాలో పూర్వీకుల గుణాలు రాతిమీద రాసి ఉండి, సంతతిలో ఇంత కళ్ళకు కట్టినట్టు కనబడే వంశం మరొకటి లేదు. అయినా దానికి ఇంతవరకు ఏ సంఘమూ దరఖాస్తు పెట్టుకోలేదు.