చార్ట్ డాడీ

శాలిబండలోనో గౌలిపురాలోనో లాల్‌దర్వాజా సందుల్లోనో పొద్దున పూట మోటారు సైకిల్ మీద ఒకాయన కనిపిస్తాడు. పెట్రోలు ట్యాంకు మీద అయిదేళ్ల పిల్ల కూర్చుని ఉంటుంది. బండి ఆగిన చోటల్లా ఆయన వేలు లేస్తుంది. "అదేం షేపు బిడ్డా?" పిల్ల నోరు తెరిచేలోగా వెనకవాడు హారన్ కొట్టి "క్యా మియా, చలో!" అంటాడు. ఆయన చలించడు. "సర్కిల్ అని చెప్పాలె" అని జవాబు కూడా తనే చెప్పి, అప్పుడు గేరు వేస్తాడు. ఈయనే చార్ట్ డాడీ.

ఈ జాతికి కులమతాల పట్టింపు లేదు. ఒక ఇంట్లో 'బిడ్డా' అంటాడు, పక్కింట్లో 'బేటా' అంటాడు, వేలు మాత్రం ఒకటే. పత్థర్‌గట్టీలో ముత్యాల దుకాణం లెక్కలు రాసేవాడు కావచ్చు, ఏసీలు బాగుచేసేవాడు కావచ్చు. కోఠిలో కొన్న ప్లాస్టిక్ చార్టును గోడకు మేకు కొట్టి వేలాడదీసి, దాని ముందు పిల్లను స్టూలెక్కించాడా, అతడు చార్ట్ డాడీయే.

చార్టులో పై వరస ఫ్లాటు: వృత్తం, చతురస్రం, దీర్ఘచతురస్రం, త్రిభుజం. కింది వరస సాలిడ్: గోళం, సమఘనం, స్థూపం, శంఖువు. చిక్కంతా ఏమిటంటే చార్టే ఫ్లాటు. దాని మీద బంతిని వేసినా గుండ్రంగానే వస్తుంది, రూపాయి బిళ్లను వేసినా గుండ్రంగానే వస్తుంది. అందుకని బంతికి ఒక పక్క నల్లగా నీడ కొట్టారు. పిల్ల దాన్ని చాలాసేపు చూసి, "డాడీ, దీనికి దెబ్బ తాకిందా?" అని అడిగింది.

"దెబ్బ కాదు బిడ్డా, అది త్రీడీ."

మర్నాడు గల్లీలో పడి మోకాలు కమిలితే, పిల్ల ఏడ్చుకుంటూ ఇంట్లోకొచ్చి, "నాన్నమ్మా, నాకు త్రీడీ అయింది" అంది.

చార్ట్ డాడీ ఇలాంటి వాటికి జంకడు. ఆదివారం వస్తే బస్తీ అంతా ఆయనకు తరగతి గదే. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్ చూపించి "వృత్తం" అంటాడు. గల్లా దగ్గర కుర్రాడు అవే బిస్కెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పొట్లం కడుతుంటే పిల్ల కింది వరస గుర్తు తెచ్చుకుని "స్థూపం!" అని అరుస్తుంది. ఒకటైతే వృత్తం, డజనైతే స్థూపం ఎట్లయిందో ఆయనకు అంతుబట్టదు. ఒక్క బిస్కెట్‌కు కూడా మందముంటుంది కాబట్టి అది మొదటి నుంచీ పొట్టి స్థూపమేనని ఒప్పుకుంటే చార్టులో పై వరస మొత్తం లోకంలో లేకుండా పోతుంది. కాబట్టి ఒప్పుకోడు. చాయ్ తాగుతాడు. ఉల్లిగడ్డ సమోసా వస్తే "త్రిభుజం" అంటాడు. త్రిభుజంలో ఉల్లిగడ్డలు ఎట్ల పట్టినయని పిల్ల అడుగుతుంది. రెండో చాయ్ చెబుతాడు.

అసలు పరీక్ష నాన్ దగ్గర జరిగింది. పురానీ హవేలీ పేరు చెబితే పాతబస్తీ వాళ్లకు గుర్తొచ్చేది 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం, దానితో పాటు నాలుగు మూలల చార్ కోని నాన్. పేరులోనే మూలల లెక్క ఉన్న రొట్టె దొరికితే చార్ట్ డాడీ ఊరుకుంటాడా? కాగితం మీద వేడి నాన్ పెట్టి, "లెక్కబెట్టు" అన్నాడు. నాలుగు. "శెభాష్. ఇప్పుడు ఒక మూల తిను. ఇంకెన్ని ఉన్నయి?" తీసివేత కూడా నేర్పేద్దామన్న దురాశ. పిల్ల ఒక మూల తుంచి నోట్లో వేసుకుని, మిగిలిన దాని చుట్టూ వేలు తిప్పి, "ఐదు" అంది.

"మూడు బిడ్డా. నాలుగుల ఒకటి పోతే మూడు."

పిల్ల మళ్లీ వేలు తిప్పింది. ఐదే. తుంచిన చోట పాత మూల పోయి, అటొకటి ఇటొకటి రెండు కొత్త మూలలు మొలిచాయి. ఇంకో మూల తింది. ఆరు. తిన్నకొద్దీ పెరిగే ఆస్తి అది. తందూరు దగ్గరున్న పెద్దాయన తొంగి చూసి, "బచ్చీ సహీ బోల్ రీ సాబ్" అని తీర్పు చెప్పాడు. చార్ట్ డాడీ కూడా ఒకసారి లెక్కబెట్టాడు, ఎవరూ చూడకుండా. తర్వాత "తిను తిను, చల్లారిపోతది" అన్నాడు. ఆ పూట పాఠం అక్కడితో సరి.

లాడ్‌బజార్‌లో ఇంకా కష్టం. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజు పట్టుకుని "ఇది పక్కా వృత్తం" అని చార్ట్ డాడీ అంటే, గాజులాయన నవ్వి, పొద్దున అది కడ్డీ అన్నాడు. వేడి చేసిన లక్కను కడ్డీలా సాగదీసి, వంచి, రెండు కొసలూ అతికిస్తేనే గాజు. తర్వాత ఆయన పిల్ల చెయ్యి అందుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల దగ్గర ఒకసారి నొక్కి "ఒకటి-పన్నెండు" అన్నాడు. అంగుళాన్ని పదహారు భాగాలు చేసిన కొలత అది. ఒక అంగుళం, పైన పన్నెండు భాగాలు, అంటే గాజు లోపలి అడ్డుకొలత ఒకటిముప్పావు అంగుళాలు. టేపు లేదు, చార్టు లేదు. నన్నడిగితే హైదరాబాదులో వృత్తం గురించి తెలిసినవాళ్లలో ఆయన కూర్చోవలసింది ముందు వరసలో. చార్ట్ డాడీ మాత్రం బేరం మీద పడ్డాడు.

చార్మినార్ దగ్గర ఆయనకు ఊపిరి తిరుగుతుంది. 1591 నాటి కట్టడం, ఒక్కో పక్క ఇరవై మీటర్ల చతురస్రం, నాలుగు వైపులా 1889లో పెట్టిన గుండ్రటి గడియారాలు. చార్టు మొత్తం ఒక్కచోట నిలబెట్టినట్టుంది. ఆయన వేలెత్తి ఉపన్యాసం మొదలుపెట్టేసరికి పిల్ల సబ్బు బుడగలు అమ్మేవాడి వెనక నడుస్తోంది. అతని చేతిలో ఒక రింగు చతురస్రం, ఒకటి గుండె ఆకారం. దేనిలోంచి ఊదినా బుడగ గుండ్రంగానే తేలుతోంది. ఇదెందుకని పిల్ల అడిగింది. "చార్మినార్ జూడు బిడ్డా, చార్మినార్ జూడు" అన్నాడు డాడీ.

ఇంట్లో నాన్నమ్మ ఉంది. ఆమెకు త్రీడీ అంటే మోకాలి దెబ్బ. పూరీలు చేసేటప్పుడు పిల్ల చేతికి పిండి ముద్ద ఇస్తుంది. ఉండ చేస్తే గోళం, నొక్కితే పూరీ, బెల్లం కొబ్బరి పెట్టి సగానికి మడిస్తే గరిజె. సంక్రాంతికి బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెట్టి గుడ్డ మీద చుట్టు లోపల చుట్టు వేస్తే సకినం. ముద్ద నుంచి పలక, పలక నుంచి గీత. జర్మనీలో 1837లో చిన్నపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ కూడా సరిగ్గా ఈ వరసే పెట్టాడు. మొదట చేతికి ఉన్ని బంతి, తర్వాత కొయ్యతో చేసిన గోళం, స్థూపం, ఘనం. పలచటి బిళ్లలు చాలా తర్వాత, పుల్లలు ఆ పైన. పట్టుకోగలిగింది ముందు, ఊహించుకోవలసింది వెనక. చార్ట్ డాడీ వరస దీనికి తలకిందులు. మందం లేని చతురస్రాన్ని పట్టుకు రమ్మని పిల్లను పంపిస్తాడు. అలాంటిది నిజాం నవాబు ఖజానాలో కూడా లేదు.

సంక్రాంతికి గుల్జార్‌హౌజ్‌లో పతంగి కొన్నారు. "ఇది డైమండ్" అన్నాడు డాడీ. పిల్ల దాన్ని కొంచెం తిప్పి నిలబెట్టింది. చతురస్రం. మళ్లీ తిప్పింది. "డైమండ్" అన్నాడు మళ్లీ. తిప్పితే వస్తువు మారదన్న సంగతి చిన్నపిల్లలకు ఆలస్యంగా తెలుస్తుందని 1957లో వాన్ హీలే దంపతులు డచ్చి దేశంలో పిల్లల జ్యామితి మీద రాసిన పరిశోధనా గ్రంథాలు చూస్తే అర్థమవుతుంది. తండ్రుల గురించి వాళ్లు రాయలేదు.

ఇంతకీ ఈ తపనంతా దేనికి? ఒకటో తరగతిలో సీటు కోసం ఇంటర్వ్యూకు. రోజు రానే వచ్చింది. మేడమ్ చేతిలో ఎర్రటి బంతి పట్టుకుని "వాట్ ఈజ్ దిస్?" అంది. తలుపు సందులోంచి డాడీ పెదవులతో "స్ఫియర్, స్ఫియర్" అంటున్నాడు. పిల్ల బంతిని అందుకుని, రెండుసార్లు నేలకేసి కొట్టి పట్టుకుని, "బాల్" అంది. సీటొచ్చింది. ఆ రోజు ఫీజు కట్టిన పిల్లలందరికీ వచ్చింది.

అసలు బళ్లో చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టడమే 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే బడికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. మీ గల్లీలో చార్ట్ డాడీ కనిపిస్తే ఈ మాట ఆయన చెవిన వేయండి. ఆయన వినకపోతే నాన్నమ్మకు చెప్పండి.