బిగింపన్న

గాలితో ఆడే ఆట ఎక్కడున్నా ఒడ్డున ఒక బిగింపన్న ఉంటాడు. విండ్‌సర్ఫింగ్ ఆడేచోట తప్పకుండా ఉంటాడు. మిగతావాళ్లు పలక మీద నిలబడి, తెరచాప పట్టుకుని నీళ్ల మీద దూసుకుపోతుంటే ఈయన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని తాడు ఒక సెంటీమీటరు లాగుతాడు. లేచి నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. ఒక కన్ను మూసి చూస్తాడు. మళ్లీ వచ్చి అర సెంటీమీటరు వదులుతాడు. పొద్దువాలి గాలి చచ్చిపోయాక చాప చుట్టి కారెక్కించి, "ఈరోజు సెట్టింగ్ భలే కుదిరిందప్పా" అంటాడు.

మన బిగింపన్న పుట్టింది ధర్మవరంలో, చదివింది హిందూపురంలో, పిల్లనిచ్చినవాళ్లది పెనుకొండ. ఉద్యోగం మాత్రం కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే పక్కన. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే సీమ నుంచి వెళ్లినవాడికి అన్ని నీళ్లు ఒకేచోట చూడగానే ఏదో ఒకటి చేయాలనిపించింది. ఈత సరిగా రాదు. లైఫ్ జాకెట్ కొన్నాడు. ఆ తర్వాత ఏడు తెరచాపలు కొన్నాడు.

ఆ ఊళ్లో గాలికి కొదవ లేదు. వేసవిలో లోపలి లోయ కాగి వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ లాంటి సందుల్లోంచి తోసుకొస్తుంది. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. ఫాస్టర్ సిటీ దగ్గరి థర్డ్ అవెన్యూ, శాన్ మటేయోలోని కొయోటీ పాయింట్ ఈ ఆటకు పేరుపడ్డ రేవులు. అంటే రోజుకు నాలుగైదు గంటల గాలి. అందులో బిగింపన్న వాటా మొత్తం ఒడ్డునే ఖర్చవుతుంది.

పనేమీ లేకుండా కూర్చుంటాడని కాదు. తెరచాప కట్టడం లెక్క ఉన్న పనే. చాప మీద కొలతలు అచ్చేసి ఉంటాయి. లఫ్, అంటే ముందంచు పొడవు, 450 అని ఉంటే మాస్ట్ అనే 430 సెంటీమీటర్ల స్తంభానికి కింద 20 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ పెట్టాలి. మాస్ట్‌ను చాప ముందంచు గొట్టంలోకి దూర్చి, అడుగున డౌన్‌హాల్ తాడును పులీల గుండా లాగితే మాస్ట్ విల్లులా వంగుతుంది. ఆ వంపు వస్తేనే చాపకు ఆకారం వస్తుంది. తర్వాత చేతులతో పట్టుకునే బూమ్‌ను తగిలించి, దాని చివర ఔట్‌హాల్ తాడు బిగించాలి. చేయి తిరిగినవాళ్లకు పావుగంట పని.

చిక్కంతా ఆ డౌన్‌హాల్ దగ్గరే. సరిగ్గా లాగిన చాప ఒడ్డున చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉంటుంది. పైభాగంలో వెనకంచు వదులై, ముడతలు పడి, ఇస్త్రీ తప్పిన పంచెలా వేలాడుతుంది. కావలసింది అదే. గాలి రెట్టింపైతే చాప మీద తోపు నాలుగింతలవుతుంది. హఠాత్తుగా ఒక విసురు వచ్చిపడితే ఆ వదులంచు తెరుచుకుని, ఎక్కువైన గాలిని పైనుంచి వదిలేస్తుంది. మనిషి నిలబడతాడు. అంచు బిగుసుకుని ఉంటే విసురంతా లోపలే చిక్కుకుంటుంది. బరువంతా వెనక చేతి మీద పడుతుంది. మనిషి నీళ్లలో పడతాడు. అందుకే గాలి పెరిగేకొద్దీ డౌన్‌హాల్ ఇంకా లాగమంటారు, వెనకంచు ఇంకా వదులవ్వమంటారు. కొత్తవాళ్లు దీనికి విరుద్ధంగా డౌన్‌హాల్ తక్కువ లాగి, ఔట్‌హాల్ బిర్రబిగిస్తారు. చాప నున్నగా, ముడత లేకుండా, ఫోటోకు పనికొచ్చేలా తయారవుతుంది.

బిగింపన్న కొత్తవాడేమీ కాదు. ఈ సూత్రాలన్నీ నోటికి వచ్చు, ఎదుటివాళ్లకు వివరంగా చెప్పగలడు కూడా. కానీ ఆయన పుట్టింది మగ్గం గుంత పక్కన. పడుగు బిగువు చెడితే నేత చెడుతుంది. అంచు వదులైన పట్టుచీర పట్టుకుపోతే మాస్టర్ వీవర్ మొహం చిట్లిస్తాడు, మజూరీ కోస్తాడు. బట్టన్నాక ముడత ఉండకూడదని చిన్నప్పుడే ఎముకల్లోకి ఎక్కింది. పుస్తకంలో చదివినట్టు డౌన్‌హాల్ లాగుతాడు. వెనకంచు వేలాడుతుంది. గుండె ఒప్పదు. కాస్త వదులుతాడు. ముడత పోతుంది, బుద్ధి ఒప్పదు. మళ్లీ లాగుతాడు. ఈ రెండింటి మధ్యే ఆయన సాయంత్రాలు గడిచిపోతున్నాయి.

ఒకసారి ధర్మవరం వెళ్లినప్పుడు, సరిగ్గా కట్టిన చాప ఫోటో ఒకటి ఫోన్‌లో నాయనకు చూపించాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "పైన అంచు జారిపోయిందే నాయనా. ఎంత కోసినారు మజూరీ?" అని అడిగాడు. బిగింపన్నకు ఆ మాట కొండంత బలమైంది. ఇప్పటికీ ఎవరైనా వాదనకు దిగితే, నలభై ఏళ్లు నేసిన మనిషి అభిప్రాయం అని మొదలుపెడతాడు.

జూలైలో ఊరికి వస్తే ఆయన బాధ చూడలేం. నైరుతి రుతుపవనాలు ఈ సీమకు పెద్దగా వాన తేకపోయినా గాలి మాత్రం దండిగా తెస్తాయి. రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టింది అందుకే. పెనుకొండలో మామగారి మిద్దె ఎక్కి, చేతిలో పట్టే గాలికొలత యంత్రం పైకెత్తి, అంకె చూసి తల బాదుకుంటాడు. ఇంత గాలి చేల మీద వృథాగా పోతోందని ఆయన ఏడుపు. అత్తగారు ఆ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కరెంటు లేనప్పుడు విసురుకునేదా అల్లుడూ? రెక్క శానా చిన్నదుంది" అంది.

హిందూపురంలో ఫ్లెక్సీ కట్టే కుర్రాళ్లతో జరిగింది ఇంకో కథ. కట్టెలకు కట్టేముందు వాళ్లు ఫ్లెక్సీకి అక్కడక్కడా కత్తితో గాట్లు పెడుతున్నారు. ఎందుకని అడిగితే, "గాలికి దావ ఇడ్సకపోతే కట్టెలు ఇరుగుతాయన్నా" అన్నాడు ఒకడు. ఆటకు సంబంధించిన ముఖ్యసూత్రం ఆ ఒక్క ముక్కలో ఉంది. బిగింపన్న అదంతా విని, నాయకుడి చెంప దగ్గర ముడత ఉంది, కుడి తాడు ఇంకో ఇంచి లాగమని సలహా ఇచ్చాడు. లాగారు. నాయకుడి చెవి చిరిగింది.

ఒడ్డున ఆయన పక్కన కారు ఆపినవాళ్లకు చరిత్ర పాఠం ఉచితం. 1965 ఆగస్టు 'పాపులర్ సైన్స్' పత్రికలో న్యూమన్ డార్బీ తన తెరచాప పలక గురించి రాయడం, 1968లో హొయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ పేటెంటుకు దరఖాస్తు పెట్టడం, అన్నీ తేదీలతో చెబుతాడు. ఆ పేటెంటు ఇంగ్లండు కోర్టులో ఓడిపోయిన కథ వచ్చేసరికి గొంతు పెంచుతాడు. 1958లో హేలింగ్ దీవిలో పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు ఇలాంటిదే సొంతంగా తయారుచేసుకుని సముద్రంలో తిరిగాడని తేలడంతో, తీర్పులో పేటెంటు నిలబడలేదు. "పన్నెండేళ్ల పిల్లోడప్పా!" అంటాడు బిగింపన్న. ఆ పిల్లవాడు నీళ్లలోకి దిగాడన్న సంగతి మాత్రం ఆయన్ను ఇబ్బంది పెట్టినట్టు కనిపించదు.

ఒలింపిక్స్‌లోకి ఈ ఆట 1984లో వచ్చింది. అక్కడ అందరికీ ఒకే తరహా పలక, ఒకే తరహా చాప ఇస్తారు. కాబట్టి తాడు ఎవరు ఎంత లాగారన్నది నిజంగానే లెక్కకొస్తుంది. బిగింపన్నకు ఇది తెలిసిన రోజు ఇంట్లో పండగే. ఆయన భార్య మాత్రం, ఒలింపిక్స్‌వాళ్లు లాగాక నీళ్లలోకి పోతారేమో కనుక్కోమంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు పలక మారిపోయింది. ఐక్యూఫాయిల్ అని, పలక అడుగున రెక్కలు ఉంటాయి. వేగం అందుకోగానే పలక నీళ్లకు తగలకుండా పైకి లేస్తుంది. వెనక రెక్క వాలును సన్నటి బిళ్లలు పెట్టి అర డిగ్రీ, పావు డిగ్రీ తేడాతో మార్చుకోవచ్చు. చాపకు ఉన్న సర్దుబాట్లన్నీ అలాగే ఉంటాయి, ఇవి అదనం. బిగింపన్న పోయిన నెల ఒకటి తెప్పించాడు. దాంతోపాటు కోణం కొలిచే డిజిటల్ పరికరం, బిళ్లల పెట్టె, మోకాళ్ల కింద వేసుకోను మెత్తటి చాప కూడా వచ్చాయి. థర్డ్ అవెన్యూలో తెలుగువాళ్లు ఇప్పుడు కార్లు రెండు వరుసలు అవతల ఆపుకుంటున్నారు.