గగనదూరసూత్రము: సటీకాతాత్పర్యము

మూలము: “మధురపూడికీ గన్నవరానికీ గాల్లో పావుగంటేనండి. నేలమీదే పూట పడుద్దండి.”

అవతారిక: రెండు విమానాశ్రయముల నడుమ దూరమెంతయని రామచంద్రపురపు కార్లస్టాండులో విచారించిన యొక పెద్దమనిషికి, కారు అద్దము తుడుచుచున్న డ్రైవరు, చేతిగుడ్డ దింపకయే సెలవిచ్చిన సూత్రమిది. మూలమున లేనిది వ్రాయనని మల్లినాథసూరి ప్రతినబూనెను. నేనంత నియమస్థుడను గాను.

టీక: మధురపూడికీ = రాజమహేంద్రవరమునకు ఉత్తరమున, కోరుకొండ త్రోవలోనున్న విమానాశ్రయమునకును; గన్నవరానికీ = బెజవాడకు తూర్పుననున్న దానికిని (కోనసీమలోని పి.గన్నవరము గాదు; అచ్చట అక్విడక్టుమీదుగా గాలిలో పోవునది కాలువ మాత్రమే); గాల్లో = ఆకాశమార్గమున; నేలమీదే = ఏకారము అవధారణార్థకము, కష్టమంతయు నిచ్చటనే యని భావము; అండి = ఈ సీమలో వాక్యమునకు ముగింపుగుర్తు, కావున పునరుక్తిదోషము లేదు.

తాత్పర్యము: మధురపూడి రన్‌వేనుండి గన్నవరపు రన్‌వేకు సూటిగా గీత గీచినచో సుమారు 125 కిలోమీటర్లు, గంటకు 500 కిలోమీటర్ల దరిదాపున పోవు ఎ.టి.ఆర్. విమానమునకు, ఎక్కుదిగుళ్ల కాలము విడిచినచో, అది పావుగంట పనియే. అయినను రామచంద్రపురవాసి తెల్లవారుజామున లేచి, ద్వారపూడి మీదుగా గంటన్నరకు మధురపూడి చేరి, గంట ముందే కౌంటరు మూసివేయుదురను భయమున అంతకు మరియొక గంట ముందే వరుసలో నిలిచి, బెల్టు విప్పి, తాళపుచెవులు పళ్ళెములో బెట్టి, సంచిలోని ఆవకాయసీసాను గూర్చి భద్రతాసిబ్బందికి సంజాయిషీ చెప్పుకొని కూర్చుండునప్పటికి, ఇంటినుండి సరాసరి కారులో బయలుదేరిన పొరుగింటాయన జొన్నాడవద్ద గౌతమిని, సిద్ధాంతమువద్ద వసిష్ఠను దాటి, తణుకులో ఇడ్డెనలు తిని, ఏలూరు సమీపించుచుండును.

విశేషము: పావుగంటయే గదా, విమానమే యెక్కరాదా యని పూర్వపక్షము. నేరు విమానము లేనినాడు హైదరాబాదు మీదుగా పోవలెను: పడమటికి సుమారు 360, మరల తూర్పునకు సుమారు 265, వెరసి 625 కిలోమీటర్లు. ఉన్న దూరమునకు ఐదింతలు చుట్టివచ్చుటను ద్రాక్షారామములోనైన ప్రదక్షిణమందురు. టిక్కెట్టుమీద కనెక్షనని వ్రాయుదురు.

ఇక ‘పూట’ యెంతయో నిర్ణయించుట టీకాకారునికి గూడ అలవికాదు. కోతల నాళ్లలో మండపేట రోడ్డున సగముమేర ధాన్య మారబోసి అంచున ఇటుకలు పేర్తురు. ఎదురువచ్చు లారీ పోవువరకు కారు ఆగవలసినదే. రైతు కాళ్లతో ధాన్యము తిరగదోయుచు తలయెత్తియైన చూడడు. కావుననే సూత్రకారుడు గంటలు చెప్పక పూటయనెను. కిరాయి మాత్రము, తిరుగు ఖాళీబండికి గూడ కలిపి, కిలోమీటరుకింతయని ఖచ్చితముగా చెప్పెను.