కారెక్కిన సైకిల్

ఒళ్లు తగ్గాలని ఖరీదైన సైకిల్ కొన్న ఓ పెద్దమనిషికి చిక్కొచ్చిపడింది. కారు వెనక కొక్కేనికి తగిలించిన స్టాండు రెండు సైకిళ్లనే మోస్తుందట. నాలుగు మోసేది కొనాలా, వద్దా? ఆదివారం ఇంటిల్లిపాదీ రామతీర్థం గుడికి వెళ్లాలి మరి!

విజయనగరం నుంచి అక్కడికి సుమారు 12 కిలోమీటర్లు. అంత దూరం తొక్కితే అలసిపోరూ! అందుకే సైకిల్ని కారెక్కించి, గుడి దగ్గర దించి, బోధికొండ కనబడేలా ఫొటో దిగి, మళ్లీ కారెక్కిస్తారు. తిరిగే చక్రాలు కారువి, లైకులు సైకిల్‌కి.

ఆ స్టాండుకి సైకిళ్లు తగిలిస్తే వెనక నంబరు ప్లేటు కనబడదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి చేసింది టైర్ల చాటున దాచుకోడానికా? నాలుగు సైకిళ్లయితే బ్రేకు లైట్లూ మాయం.

నెల్లిమర్ల రోడ్డు మీద పాత సైకిల్‌కి చెరోపక్క పాల క్యాను, క్యారేజీ మీద గడ్డిమోపు కట్టి పోయే రైతుకి ఈ స్టాండు బెంగ లేదు.

బాబూ, కొత్త స్టాండుకి డబ్బు కట్టేముందు ఒక్క ఆదివారం ఆ సైకిలెక్కి నెల్లిమర్ల దాకా తొక్కి చూడండి. తొక్కలేకపోతే స్టాండుతోపాటు సైకిలూ అమ్మేయొచ్చు.