ఏటవాలు బల్ల

మా రోజుల్లో విజయనగరం అయ్యకోనేరు గట్టుకి కూతవేటు దూరంలో ఒక తాలింఖానా, అంటే కసరత్తుశాల, ఉండేది. పెంకుల కప్పు, మట్టి నేల, ఒక మూల ఆంజనేయస్వామి పటం, దాని ముందు నూనె దీపం. అద్దం లేదు, ఫ్యాను లేదు. రెండు జతల సంగిడీలు, ఒక ఇనుప కడ్డీ, ఊళ్ళోనే పోత పోయించిన బిళ్ళలు. తూచి చూస్తే ఏ రెండు బిళ్ళలూ ఒక్క బరువు ఉండేవి కావు. ఇవి కాక గోడవారన ఒక బల్ల. మద్దిచెక్క పలక, ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు. తల వైపు మూడడుగుల ఎత్తు దిమ్మ మీద ఆనేది, రెండో కొస నేల మీద ఉండేది. పాదాలు తన్నిపెట్టుకోవడానికి కింద ఒక అడ్డచెక్క మేకులు కొట్టి బిగించారు.

ఆరుకి మూడు, సరిగ్గా సగం. పదో తరగతి త్రికోణమితి గుర్తున్నవాళ్ళు లెక్క కట్టుకోండి, అది 30 డిగ్రీల వాలు. మాకు కసరత్తు నేర్పిన వస్తాదుగారికి ఆ లెక్క రాదు. ఆయన ఇటుకలు పేర్చి, తీసి, మళ్ళీ పేర్చి, తన రొమ్ము ఎక్కడ పట్టిందో చూసుకుని ఆ ఎత్తు ఖాయం చేశారు. నా రొమ్ము, నాతోటి ఓ ముప్పైమంది కుర్రాళ్ళ రొమ్ములు ఆ పలక మీదే తయారయ్యాయి.

ఇప్పుడు విశాఖలో మా మనవడు వెళ్ళే జిమ్ముకి పోయి చూశాను. చల్లని గాలి, గోడంతా అద్దం, నేల మీద రబ్బరు పలకలు. బోర్లా పడుకోవడానికి ఒక బల్ల, వెల్లకిలా పడుకోవడానికి నాలుగు. వాలు మార్చుకునే బల్ల ఒకటుంది, మేకు తీసి పెడితే ఎంత వాలు కావాలంటే అంత. మేము కలలో కూడా చూడని వస్తువు. దాని మీద ఏమున్నాయనుకున్నారు? రెండు సంచులు, ఒక తువ్వాలు, మూడు నీళ్ళ సీసాలు. నేను కూర్చున్న గంటన్నరలో ఒక్కడు కూడా దాని మీద బరువు ఎత్తలేదు. ఒక కుర్రాడు మటుకు దాని మీద వాలి ఫోన్లో తన జబ్బల ఫొటో తీసుకున్నాడు.

అందరూ సాపు బల్ల దగ్గరే, వరసలో. "వంద కొట్టావేట్రా?" "తొంభై కొట్టాను." అదే మాట, అదే గోల. ఒకడు రాడ్డుని రొమ్ము మీద దబీమని పడేసి, అది పైకి ఎగిరితే ఆ ఊపులోనే నెట్టాడు. నడుము బల్లకి జానెడు ఎత్తు లేచింది. పక్కన నిలబడ్డ స్నేహితుడు సాయం పేరుతో సగం బరువు తనే లాగాడు. దించగానే ఇద్దరూ చేతులు చరుచుకున్నారు. ఆ ఎత్తులో రొమ్ము ఎంత పనిచేసింది? పక్కటెముకలు దెబ్బ తిన్నాయి, నడుము ఎగిరింది, స్నేహితుడి వీపు బలిసింది. పై రొమ్ము మటుకు పొద్దుటి నుంచీ ఖాళీగా ఉంది.

ఇదే నా బాధ. కుర్రాళ్ళకి ఓపిక లేదనో, ఫోన్లు చూస్తున్నారనో గొణగడానికి నేను కూర్చోలేదు. కళ్ళ ముందు ఉన్న మంచి పనిముట్టుని వదిలేసి, వాళ్ళ శరీరాన్ని వాళ్ళే సగం సగం కట్టుకుంటున్నారు. చొక్కా విప్పితే కింది రొమ్ము ఉబ్బెత్తుగా ఉంటుంది, కంఠం కింద ఎముకలు మటుకు బావిగట్టు రాళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని కప్పే కండ ఉంది, ఎవడూ దాన్ని పిలవట్లేదు.

రొమ్ము కండ విసనకర్ర ఆకారంలో ఉంటుంది. దాని పిడి భుజం కింద చేతి ఎముకకి అతుక్కుని ఉంటుంది. అక్కణ్ణుంచి ఆకులు విప్పుకున్నట్టు ఒక పాయ కాలర్ ఎముకకి పోతుంది, పెద్ద పాయ నడి రొమ్ము ఎముకకీ పక్కటెముకలకీ పోతుంది. పై పాయ పని చెయ్యిని ముందుకీ పైకీ కలిపి ఎత్తడం. సాపుగా పడుకుని నెడితే చెయ్యి ముందుకే పోతుంది కాబట్టి పెద్ద పాయకే ఎక్కువ పని. ఒళ్ళు కొంచెం ఏటవాలు చేస్తే పై పాయ పనిలోకి దిగుతుంది. మరీ నిటారు చేస్తే, అంటే 45 డిగ్రీలు దాటితే, రొమ్ము జారుకుని భుజాలు ఆ బరువు తీసుకుంటాయి. కండరాల్లో విద్యుత్తు కొలిచి చూసిన పరిశోధకులు ఈమధ్య 30 డిగ్రీల దగ్గరే పై పాయ బాగా పనిచేస్తుందని తేల్చారు. మా వస్తాదుగారు ఇటుకలతో తేల్చింది అదే.

ఆయనకి ఆ బల్ల ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు బరువులెత్తే పోటీల్లో మూడు ఎత్తులు ఉండేవి: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. ఒలింపిక్స్‌లో 1928 నుంచీ అదే లెక్క. ప్రెస్ అంటే బరువుని భుజాల దాకా తెచ్చి, కాళ్ళు కదపకుండా, చేతుల బలంతో నెత్తి మీదికి నెట్టడం. మన దండమూడి రాజగోపాల్‌గారు ఆ కాలపు బరువులెత్తే మల్లుడే. 'నర్తనశాల'లో భీముడిగా ఆయన్ని చూసినవాళ్ళకి ఆ రొమ్ము ఎలా ఉండేదో నేను చెప్పక్కర్లేదు. మా వీధి కుర్రాళ్ళం ఆ సినిమా ఆయన కోసమే చూశాం.

పోనుపోను మల్లులు ప్రెస్ చేసేటప్పుడు నడుము వెనక్కి వంచడం మొదలెట్టారు. వెనక్కి వాలితే రొమ్ము సాయం వస్తుంది, బరువు ఎక్కువ లేస్తుంది. వాలగా వాలగా నిలబడే ఏటవాలు బల్ల మీద పడుకున్నట్టు అయిపోయింది. ఎంత వాలితే తప్పో న్యాయనిర్ణేతలు తేల్చలేకపోయారు, నడుములూ పాడవుతున్నాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరవాత ఆ ఎత్తునే తీసేశారు. ఆ వార్త తెలిసిన రోజు వస్తాదుగారు మధ్యాహ్నం అన్నం తినలేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. సాయంత్రం మమ్మల్ని కూచోబెట్టి, "పోటీలోంచి తీసీసారు గానీ ఒంట్లోంచి తీసీలేదు కదరా. ఆ వాలు నడుముతో కాదు, చెక్కతో తెచ్చుకుందాం," అన్నారు. మర్నాడే వడ్రంగిని పిలిపించారు.

ఇక మా పద్ధతి. ముందు దండీలు, యాభై. మొదటి నెలంతా బల్ల మీదికి ఎవడినీ ఎక్కనిచ్చేవారు కాదు. తరవాత కాళ్ళు అరుగు మీద పెట్టి, చేతులు నేల మీద ఆన్చి దండీలు. అది కూడా పై రొమ్ముకే, ఏటవాలు బల్లని తిరగేసినట్టు. అది పాతిక ఆగకుండా వస్తే అప్పుడు వట్టి కడ్డీ ఇచ్చేవారు. బరువు పట్టుకునే కొయ్యలు మాకు లేవు. అటొకడు ఇటొకడు నిలబడి కడ్డీ చేతికందించేవారు, అయ్యాక వాళ్ళే తీసుకునేవారు. ఆ ఇద్దరూ రాకపోతే ఆ పూటకి బల్ల లేదు. ఒంటరిగా ఎత్తినవాడు మా తాలింఖానాలో ఒక్కడూ లేడు.

పడుకున్నాక వీపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి చెక్కకి అదిమి పెట్టాలి. మధ్యలో అవి విడిపోతే వస్తాదుగారి వేలు వీపు కింద దూరేది. కడ్డీని బొటనవేలు చుట్టి గట్టిగా పట్టాలి, పట్టు భుజాల కంటే కాస్త వెడల్పు. ఈ రోజు కుర్రాళ్ళు బొటనవేలు చుట్టకుండా అరచేతిలో రాడ్డు ఆన్చుకుంటున్నారు, అది జారితే రొమ్ము మీదో మెడ మీదో పడుతుంది. ఇది ఎవరైనా వాళ్ళకి గట్టిగా చెప్పాలి. మోచేతులు రెక్కల్లా అడ్డంగా చాపకూడదు, ఒంటికి అతికించకూడదు, ఆ రెంటి నడుమ ఉండాలి. కడ్డీ కాలర్ ఎముకకి రెండు మూడు వేళ్ళ కింద తాకాలి. దించేటప్పుడు వస్తాదుగారు "రామ, రామ, రామ" అని మూడుసార్లు అనేవారు, ఆ మూడో మాటకి రొమ్ము తాకాలి. తాకాక ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు నెట్టాలి. ఆగడమంటే ఊపు చచ్చిపోవడం, ఊపు చస్తే మిగిలేది కండ ఒక్కటే. మీరు చేసి చూడండి, మీరు ఎత్తగలిగే బరువులో కొంత అక్కడికక్కడే పోతుంది.

ఏటవాలు మీద బరువు తక్కువే లేస్తుంది, అందుకే ఎవడూ దాని జోలికి పోవట్లేదు. సాపు బల్ల మీద 80 కొట్టేవాడు ఇక్కడ 60 దగ్గర ఆగిపోతాడు. అది చూసేవాళ్ళ ముందు చిన్నతనం అనుకుంటున్నారు. మేము బరువు పెంచడానికి చిన్న ఇసుక సంచులు కుట్టుకునేవాళ్ళం, గుప్పెడు గుప్పెడు ఇసుక పోసి అటూ ఇటూ కట్టుకునేవాళ్ళం. నెలకి కిలో పెరిగితే సంతోషం. నేను వట్టి కడ్డీతో మొదలెట్టి మూడేళ్ళకి 70 కిలోలు, ఎనిమిదేసిసార్లు, నాలుగు విడతలు ఎత్తాను. అప్పుడు నా ఒంటి బరువు 64. పొద్దున్న చోడి అంబలి, నానబెట్టిన శెనగలు, బెల్లం ముక్క, వీలైన రోజు రెండు గుడ్లు. ఇప్పటి డబ్బాల పొడిలో ఉన్నదీ పాల సారమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నెలకి ఒక డబ్బా అయిపోతోంది గానీ పై రొమ్ము ఖాళీగానే ఉందే!

మా ఊరు కోడి రామ్మూర్తినాయుడుగారి ఊరు. సైదాపేటలో వ్యాయామవిద్య చదివొచ్చి ఇక్కడే పిల్లలకి నేర్పిన మనిషి. ఊపిరి పీల్చి రొమ్ముకి చుట్టిన గొలుసులు తెంచాడని, ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్నాడని మా తాతలు చెప్పుకునేవారు. అలాంటి రొమ్ము పెరిగిన గడ్డ మీద కుర్రాళ్ళు ఎగిరేసి ఎత్తడం చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని నేను అనను. ఇప్పటి బల్లలకి మెత్త ఉంది, బరువు ఆన్చే కొయ్యలు ఉన్నాయి, ప్లేటు మీద 10 అని ఉంటే పదే తూగుతుంది. జిమ్ముల్లో ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు, మా తాలింఖానా గడప ఒక్క ఆడపిల్ల తొక్కలేదు, అది మా తప్పు. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా పిల్ల కరణం మల్లీశ్వరి 110, 130 ఎత్తి కంచు పతకం తెచ్చిన రోజు, నేను రేడియో పక్కన నిలబడి ఏడ్చాను.

మొన్న మనవడిని ఆ వాలు బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. సంచులు తీసి పక్కన పెట్టాను. మేకు రెండో కంతలో పెట్టించాను, కంటికి మా పలక వాలులాగే ఉంది.

"30 కిలోలు చాలు," అన్నాను.

"తాతా, నేను సాపు మీద 70 కొడతాను. నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు పడుకో."

మొదటి మూడూ బేగి బేగి కానిచ్చాడు. నేను వేలు వీపు కింద దూర్చి, మూడు లెక్కపెట్టి దించమన్నాను, రొమ్ము దగ్గర ఆగమన్నాను. నాలుగో దానికి మాట ఆగింది. ఆరో దానికి కాలర్ ఎముక కింద, చంక పైన, ఆ చిన్న పాయ తీగలా వణకడం నాకు కనిపించింది. వాడికీ తెలిసింది, కళ్ళు పెద్దవి చేశాడు. ఏడోది సగంలో ఆగిపోతే నేను రెండు వేళ్ళతో అందించాను. రాడ్డు కొయ్యల మీద పెట్టాక లేచి, అరచెయ్యి సరిగ్గా అక్కడే వేసుకుని, "ఇక్కడెప్పుడూ నొప్పి రాలేదు తాతా," అన్నాడు.

వారానికి రెండుసార్లు చెయ్యమన్నాను. ముందు ఏటవాలు, తరవాత సాపు, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు పై రొమ్ముకి పని. ఎనిమిదిసార్లూ తేలిగ్గా వచ్చేదాకా బరువు పెంచొద్దన్నాను. పక్కన నిలబడి వింటున్న మరో ఇద్దరు కుర్రాళ్ళు రాడ్డు దగ్గరికి వచ్చారు. ఒకడు, "తాతగారూ, నాకూ ఓసారి చెప్పరా?" అన్నాడు. సాపు బల్ల దగ్గర 90 కొట్టినవాడే. అతనికి 40 వేయించాను, అయిదో దానికే మోచేతులు విరిసిపోయాయి, సరిచేశాను.

తాలింఖానా పడగొట్టి పదిహేనేళ్ళు దాటింది, అక్కడిప్పుడు అంతస్తుల ఇల్లు. పలకని మటుకు నేను తెచ్చుకున్నాను, మా పెరటి వరండాలో ఉంది. చెద పట్టలేదు. వీపులు రాసి రాసి నడుమంతా నున్నగా అయిపోయింది. వచ్చే ఆదివారం ఆ ముగ్గురూ చూడటానికి వస్తామన్నారు. కాళ్ళ వైపు అడ్డచెక్కకి మేకు ఒకటి ఊడింది, వడ్రంగికి కబురు పెట్టాను.