తొమ్మిదో నాయిక

నాట్యశాస్త్రం నాయికలను వారి అవస్థలను బట్టి ఎనిమిది విధాలుగా విభజించింది. భానుదత్తుడు రసమంజరిలో ఆ విభాగాలను ఒకదానితో ఒకటి హెచ్చవేసి నాయికా భేదాలను 384 దాకా తీసుకొనిపోయాడు. అయినా నేటి తెలుగు నగరాల అపార్ట్‌మెంట్లలో అంతస్తుకు ఒకరు చొప్పున కనిపించే ఒక నాయిక ఆ ఆలంకారికుల లెక్కకు అందకుండా మిగిలిపోయింది. ఆమెను రెట్రో నాయిక అనవచ్చు. రెట్రో అంటే గడిచిపోయిన ఒక దశాబ్దపు వేషాన్ని, అది గడిచిపోయిందని తెలిసే, నేటి సరుకుతో మళ్లీ కట్టుకోవడం. ఆ తెలివిడి లేకుండా పాత చీర కట్టుకున్న స్త్రీ రెట్రో అనిపించుకోదు, ఆమె ఇంట్లో కొత్త చీర లేదని మాత్రమే అనిపించుకుంటుంది. పూర్వపు నాయికలలో వాసకసజ్జిక ఈమెకు దగ్గరి చుట్టం. అయితే వాసకసజ్జిక సర్వాలంకారాలూ ముగించుకొని భర్త రాకకు ఎదురుచూస్తుంది. రెట్రో నాయిక అలంకరణ మధ్యలో ఉండగా భర్త సెల్లారులో కారు స్టార్టు చేసి, మళ్లీ ఆపి, మళ్లీ స్టార్టు చేస్తూ ఎదురుచూస్తాడు కనుక, విరహోత్కంఠ అనే అవస్థ ఈ దాంపత్యంలో పురుషుడికి సంక్రమించింది.

ఈ నాయిక వయస్సు సాధారణంగా ముప్పై అయిదుకూ నలభై అయిదుకూ మధ్య ఉంటుంది. కూకట్‌పల్లిలోనూ, విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల్లోనూ, అమెరికాలో డాలస్ చుట్టుపక్కల తెలుగువారు గుమిగూడిన శివార్లలోనూ ఆమె ఒకే విధంగా కనిపిస్తుంది. ఆమె వికాసానికి అనువైన సందర్భం థీమ్ ఫంక్షను, అనగా అతిథులందరూ ఫలానా కాలపు వేషంలోనే రావాలని ఆహ్వానంలోనే విధించే వేడుక. తెలుగువారి గతాన్ని చరిత్రకారులు శాతవాహనులతో మొదలుపెట్టి రాజవంశాల వారీగా విభజించగా, ఈమె దానిని సావిత్రి యుగం, వాణిశ్రీ యుగం, శ్రీదేవి యుగం అని మూడుగా విభజించి, అంతకు ముందున్నదంతా టెంపుల్ జ్యువెలరీ కాలమని ఒక్క మాటలో తేల్చివేస్తుంది.

సావిత్రి యుగానికి ఆధారాలు దేవదాసు (1953), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957). 2018లో మహానటి వచ్చి, ఉత్తమ నటితో పాటు వస్త్రాలంకరణకు కూడా జాతీయ పురస్కారం తెచ్చుకొన్న తరువాత, ఈ యుగంపై ఆమెకు గల అధికారం ప్రశ్నించరానిదయింది. కానీ ఇక్కడ పరిశోధకులను వేధించే ఒక చిక్కు ఉంది. ఆ పాత చిత్రాలు నలుపు తెలుపు చిత్రాలు; వాటిలో పెదవి రంగు ఒక బూడిద ఛాయ, జాకెట్టు మరొక బూడిద ఛాయ, వాటి అసలు వర్ణమేదో తెరను చూసి చెప్పడం సాధ్యం కాదు. 2010లో మాయాబజార్‌కు రంగులద్దినవారు సైతం ఏ వస్తువుకు ఏ రంగో తామే నిర్ణయించుకోవలసి వచ్చింది. ఈ సందేహం రెట్రో నాయికను క్షణమైనా బాధించదు. సావిత్రి లిప్‌స్టిక్ మెరూన్ అని ఆమె తీర్మానిస్తుంది. ఎదురింటి నాయిక అది ఇటుక ఎరుపు అని తీర్మానిస్తుంది. ఇద్దరూ ఒకే సంగీత్‌కు వెళ్లి, ఒకరి పెదవులను మరొకరు జాలిగా చూసుకుంటారు.

ముఖనిర్మాణంలో మొదటిది పూత. మాక్స్ ఫాక్టర్ సంస్థ 1930లలో టెక్నికలర్ చిత్రాల కోసం పాన్‌కేక్ అనే బిళ్ల రూపపు పూతను తయారుచేసింది. తడి స్పాంజితో అద్దితే అది ముఖంలోని ఎగుడుదిగుడులన్నిటినీ ఒకే రంగులోకి తెచ్చేది. సికింద్రాబాదులో పుట్టి మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్, ఆ స్టూడియో ఈ పాన్‌కేక్‌ను లారీల కొద్దీ కొనేదని తన జ్ఞాపకాలలో చమత్కరించాడు. ఆనాటి నటీమణులు మండే దీపాల కింద, కెమెరా నిర్బంధం వల్ల ఆ పూతను భరించారు. రెట్రో నాయిక ఏ నిర్బంధమూ లేకుండా, మే నెలలో, ఏసీ పనిచేయని ఫంక్షన్ హాలులో దానిని స్వచ్ఛందంగా భరిస్తుంది. పైగా ఏడు పొరల తరువాత కూడా తాను మేకప్పే వేసుకోలేదన్న భ్రమ చూసేవారికి కలగాలని కోరుకుంటుంది. ఈ భ్రమకు నేచురల్ లుక్ అని పేరు. అది కలిగించడానికే అన్నిటికన్నా ఎక్కువ సరుకు ఖర్చవుతుంది.

రెండవది కాటుక తోక, అంటే కంటి కొసను దాటించి కణత వైపు పైకి లాగే గీత. దీని కష్టమంతా సమానత్వంలో ఉంది. కుడి కన్ను మొదటి ప్రయత్నంలోనే చక్కగా కుదురుతుంది. ఎడమది ఒక బెత్తెడు పొడుగవుతుంది. కుడిదాన్ని దానికి సరిపెట్టబోతే ఎడమది పొట్టిగా కనిపిస్తుంది. ఈ సామ్యవాదం ఇలాగే సాగితే రెండు తోకలూ చెవుల దగ్గరకు చేరి, సావిత్రిని ఉద్దేశించి మొదలైన ముఖం క్లియోపాత్రా వద్ద తేలుతుంది. మూడవది బొట్టు. పూర్వం సగ్గుబియ్యం మాడ్చి చేసిన చాదునో, సీసాలోని తిలకాన్నో పుల్లతో దిద్దేవారు. నాయిక అంతటి వెడల్పు బొట్టునే స్టికరు రూపంలో అతికిస్తుంది, రాత్రి పడుకోబోయే ముందు తీసి అద్దానికి అతికిస్తుంది. పండుగ నెలలు ముగిసేసరికి ఆ ఇంట్లో నిండైన ముత్తైదువ కళ అద్దానిదే అవుతుంది.

వాణిశ్రీ యుగానికి ప్రమాణం 1971 నాటి ప్రేమనగర్, ప్రధాన లక్షణం ఎత్తైన కొప్పు. తలపై గోపురంలా జుట్టును నిలబెట్టే ఈ ధోరణికి దూరపు బంధువు బీహైవ్, అంటే తేనెపట్టు ఆకారపు కేశబంధం. దానిని 1960లో షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే కేశాలంకరణ నిపుణురాలు రూపొందించింది. జుట్టును దువ్వెనతో వెనక్కి చిక్కుపరచి, లోపల సవరం, అంటే అరువు జుట్టు పాయ కూర్చి, పైన స్ప్రే కొట్టి బిగిస్తే కొప్పు సిద్ధమవుతుంది. సిద్ధమైన కొప్పు వేడుక ముగిసేదాకా కదలదు. కారు ఎక్కేటప్పుడు మాత్రం నాయిక ముందు తలను, తరువాత మనిషిని లోపలికి పంపవలసి ఉంటుంది.

ఇన్ని యుగాలను ఇంత శ్రద్ధతో పాటించే నాయిక, తన సొంత పెళ్లి ఆల్బమ్‌ను మాత్రం అటక మీద పాత ఫ్యాను వెనుక దాచడం పైపైన చూసేవారికి వింతగా తోస్తుంది. దీనికి సమాధానం జేమ్స్ లేవర్ అనే ఆంగ్ల వేషచరిత్రకారుడు 1937లోనే చెప్పాడు. అతని సూత్రం ప్రకారం ఏ వేషమైనా దాని కాలంలో సొగసుగా ఉంటుంది. ఏడాది గడిస్తే నాసిగా, పదేళ్లకు వికారంగా, ఇరవై ఏళ్లకు హాస్యాస్పదంగా, ముప్పై ఏళ్లకు వినోదంగా, యాభై ఏళ్లకు వింత అందంగా, డెబ్భై ఏళ్లకు మనోహరంగా కనిపిస్తుంది. నూటయాభై ఏళ్లు ఓపిక పడితే సుందరమే అవుతుంది. సావిత్రి డెబ్భై దగ్గర ఉంది కనుక మనోహరం. వాణిశ్రీ యాభై దాటింది కనుక వింత అందం. నాయిక పెళ్లి నాటి నెట్టు చీర, మెరుపుల జాకెట్టు, నుదుటి మీద వేలాడే రెండు రింగుల జుట్టు పదికీ ఇరవైకీ మధ్య చిక్కుకున్నాయి కనుక అటక. అంటే ఆమె ప్రేమించేది పాతకాలాన్ని కాదు. తనకు ఏ సంబంధమూ అంటనంత దూరంలో ఉన్న పాతకాలాన్ని.

యుగం ముఖానికి సంబంధించినది కాగా, రుతువు నగలకు సంబంధించినది. తెలుగు సంవత్సరాన్ని పంచాంగకర్తలు తిథులతో నింపితే నాయిక యాక్సెసరీలతో, అంటే వేషానికి తోడుగా ధరించే నగలూ సంచీలూ కళ్లద్దాలతో నింపుతుంది. ఉగాదికి నూలు చీర, కాల్చిన మట్టి కమ్మలు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక గోరింటాకు, తగ్గింపు ధరలు, రాబోయే నెలకు కొనుగోళ్లు. శ్రావణం రాగానే టెంపుల్ జ్యువెలరీ వెలికి వస్తుంది. దేవతామూర్తులకూ నర్తకులకూ చేసే నగల తీరు ఇది. తమిళనాడులో నాగర్‌కోయిల్ నగరంలోని వడశేరి దీనికి ప్రసిద్ధి, వన్ గ్రామ్ గోల్డ్ అనే పలచని బంగారు పూత దీనికి ప్రాణాధారం. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం మీద ఉండే లక్ష్మి ఒక్కతే. నాయిక కాసులపేరులో మాత్రం కాసుకొక లక్ష్మి కొలువై ఉంటుంది కనుక, పేరంటానికి వచ్చినవారికి అక్షతలు ఎటు వేయాలో పాలుపోదు. వడ్డాణం బిగించిన కారణంగా ఆమె వంగి వాయనం ఇవ్వలేదు. పుచ్చుకునేవారే ఆమె అందుబాటులోకి రావలసి ఉంటుంది.

దసరా తొమ్మిది రోజులకు తొమ్మిది రంగులు, తొమ్మిది జతల గాజులు. చార్మినారు పక్కన లాడ్ బజారులో లక్కను నిప్పు సెగ మీద మెత్తబరచి, వలయంగా చుట్టి, వేడి తగ్గకముందే రాళ్లు పొదిగే పనివారు ఆ వారమంతా ఊపిరి తీసుకోరు. కార్తీకంలో వనభోజనాలకు నాయిక డెబ్భైల సినిమా విహారయాత్ర వేషంలో తలకు రుమాలు చుట్టుకొని, పిల్లికన్ను కళ్లద్దాలతో, అంటే కొసలు పైకి లేచిన ఫ్రేముతో, ఉసిరి చెట్టు కింద దర్శనమిస్తుంది. ఆ ఫ్రేమును 1930లలో న్యూయార్కులో ఆల్టీనా షినాసీ అనే కళాకారిణి వెనిస్ ఉత్సవాల ముసుగులను చూసి రూపొందించినట్లు ఆమెకు తెలియకపోయినా, పులిహోర తినేటప్పుడు కూడా దానిని తీయకూడదని తెలుసు. సంక్రాంతికి లంగా ఓణీ, బుట్ట చేతుల జాకెట్టు, నాగరంతో మొదలై జడగంటలతో ముగిసే జడ. భామాకలాపంలో సత్యభామ జడ ఆమె అతిశయానికి గుర్తు. నాయిక జడ బరువు ఎంతటిదంటే, దాన్ని మోసే మెడకు అతిశయం లేకపోయినా తల దానంతటదే పైకి లేచి నిలుస్తుంది.

ఈ నగలలో రసాయనశాస్త్రానికి ఎక్కువ ఆసక్తికరమైనవి నల్లబరచిన వెండి కమ్మలు. వెండి గాలిలోని గంధకపు అంశతో కలిసి వెండి సల్ఫైడు అనే నల్లని పొరగా మారుతుంది. తరతరాల తెలుగు ఇల్లాళ్లు ఆ నలుపును చింతపండుతోనూ విభూతితోనూ వదలగొట్టడానికి సెలవు రోజులు ఖర్చుచేశారు. ఇప్పుడు దుకాణదారు అదే నలుపును మందుతో ముందుగానే పట్టించి, అందుకు అదనంగా వసూలు చేస్తున్నాడు. అవే కాక జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మేవి రాగి, నికెల్, తుత్తునాగముల మిశ్రమం. వాటిలో వెండి రవంత కూడా ఉండదు. కొత్తగా కొన్న నల్ల జూకాలను అత్తగారు మంచి మనసుతో చింతపండు వేసి తోమి, తళతళలాడించి, కోడలి చేతిలో పెట్టడం ఇటువంటి ఇళ్లలో ఏటా జరిగే దుర్ఘటన.

వేషం పూర్తయ్యాక ఛాయాచిత్రం అనివార్యం. మూలనున్న ల్యాండ్‌లైన్ ఫోను చెవి దగ్గర పెట్టుకొని, తీగ ఎప్పుడో తెగిపోయిన దానిలో ఎవరితోనో సిగ్గుపడుతున్నట్లు నాయిక నిలబడుతుంది. ఫోనులోని ఫిల్టరు ఆ బొమ్మకు సెపియా అనే గోధుమ ఛాయ పూస్తుంది. పాత ఛాయాచిత్రకారులు బొమ్మలోని వెండిని వెండి సల్ఫైడుగా మార్చి ఆ ఛాయ తెచ్చేవారు. బొమ్మ చెదరకుండా తరాల పాటు నిలవాలన్నది వారి ఉద్దేశాలలో ఒకటి. కమ్మల నలుపుకూ పటం గోధుమ రంగుకూ మూలపదార్థం ఒకటే అయినా, తరాల కోసం పుట్టిన ఛాయను ఈమె ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే వాట్సాప్ స్టేటస్‌కు వినియోగిస్తుంది.

ఈ ఇంట్లో డెబ్భైల దశాబ్దాన్ని ప్రత్యక్షంగా చూసిన ప్రాణి అత్తగారు ఒక్కరే. ఆమె సలహా అడిగిన దాఖలా మాత్రం లేదు. హాలులో వేలాడే ఆమె పెళ్లి పటంలో కొప్పు లేదు, తోక కాటుక లేదు. నూనె రాసి బిగించిన జడ, బెదురు చూపు ఉన్నాయి. “అమ్మాయీ, ఆ రోజుల్లో మేం కంటికి ఇంత తోక తీస్తే మా అత్తగారు వీధి గుమ్మం దాటనిచ్చేవారు కాదు” అని ఆమె సాక్ష్యం చెప్పబోతే, “అప్పట్లో మీరు అలా ఉండేవారేమో అత్తయ్యా, లుక్ మాత్రం ఇలాగే ఉండాలి” అని కోడలు చరిత్రను ఎంతో మర్యాదగా సవరిస్తుంది.

ఈ నాయికకు నిజమైన ప్రమాదం ఇంట్లోనే, పదో తరగతి చదివే కూతురి రూపంలో పెరుగుతూ ఉంటుంది. ఆ పిల్లకు కావలసిన యుగం వైటూకే, అనగా 2000 సంవత్సరానికి అటూ ఇటూ నడిచిన వేషం. కంప్యూటర్ల తేదీల గండంగా పుట్టి ఎందరో తెలుగు కుర్రాళ్లను అమెరికా విమానం ఎక్కించిన ఆ మాట, ఇప్పుడు సీతాకోకచిలుక క్లిప్పులకూ, సన్నగా పీకిన కనుబొమలకూ, పెదవి చుట్టూ గీసే గోధుమ రంగు గీతకూ పేరైంది. అటక మీద ఫ్యాను వెనుక వెతికి, ఇంజనీరింగ్ కాలేజీ వీడ్కోలు పార్టీ ఫోటోతో సహా ఆ సామగ్రినంతా కూతురు కిందికి దించిన రోజున, “అది రెట్రో కాదే, అది నేను!” అని నాయిక పెట్టే కేకకు లేవర్ సూత్రంలో కూడా ఓదార్పు దొరకదు, ఎందుకంటే హాస్యాస్పదానికీ వినోదానికీ మధ్య నిలబడి ఉన్నది ఇప్పుడు ఆమె స్వయంగా. అయినా కాసేపటికి అధికారం ఆశ్చర్యాన్ని జయిస్తుంది. క్లిప్పు అక్కడ కాదు, పాపిటకు ఇంకాస్త దగ్గరగా పెట్టాలని, తాము అలాగే పెట్టేవాళ్లమని ఆమె అద్దం ముందుకు వస్తుంది. “అప్పట్లో నువ్వు అలా పెట్టేదానివేమో అమ్మా, లుక్ అలా ఉండదు” అని కూతురు క్లిప్పును మరింత పక్కకు జరుపుతుంది. పక్క గదిలో అత్తగారు టీవీ శబ్దం తగ్గిస్తుంది, మిగతా సంభాషణ ఒక్క మాటైనా పోకుండా వినడానికి.