కరెంటొచ్చిన అర నిమిషం

మీతో కాబట్టి చెబుతున్నాను. నా ప్రోగ్రాంలో మొదటి లైను నడిచినప్పుడే మిషనుకు ప్రాణం వస్తుందని చాలా ఏళ్లు నమ్మాను. ఆ మొదటి లైనులో 'పంపు ఆఫ్' అని రాసేశాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పంపు తిరగదని నా ధీమా. బోర్డులు చేసేవాళ్లలో ఈ ధీమా లేనివాణ్ణి నేనింకా చూడలేదు.

పటాన్‌చెరు దగ్గర పాశమైలారంలో ఒక చిన్న యూనిట్‌కి కంట్రోల్ బోర్డు చేసిచ్చాను. ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ఈటీపీలో న్యూట్రలైజేషన్ ట్యాంకు, దాంట్లో కాస్టిక్ పోసే డోసింగ్ పంపు. పీహెచ్ చూసుకుని పంపు నడపడమే పని. ఈ మాత్రానికి చిన్న మైక్రోకంట్రోలర్ చాలు. కానీ స్క్రీను మీద గ్రాఫులు కదలాలి, ఓనరు నోరెళ్లబెట్టాలి! అందుకని రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు పెట్టాను. పిన్ను నుంచి మాస్‌ఫెట్ గేటుకి, అక్కణ్ణుంచి రిలేకి, రిలే నుంచి పంపు కాంటాక్టరుకి. గేటుకీ గ్రౌండుకీ మధ్య 10 కె రెసిస్టరు వేయాలని కాలేజీలోనే చెప్పారు. రూపాయి చేయదది. సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని వదిలేశాను.

నెల తిరక్కుండా ఫోను. రాత్రి కరెంటు పోయి వచ్చిందంటే చాలు, తెల్లారేసరికి ట్యాంకులో పీహెచ్ పది దాటుతోంది. బయటికి వదిలే నీళ్లకి 5.5 నుంచి 9 వరకే అనుమతి. పటాన్‌చెరు చుట్టుపక్కల బతికేవాళ్లకి ఆ అంకెల విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడి ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో పడి మంజీరలో కలిశాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకెళ్లింది ఈ పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీదే. అలాంటి నేల మీద నేను అజాగ్రత్తగా ఒక బోర్డు బిగించి వచ్చానంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ నీళ్లు గేటు దాటలేదు, అదొక్కటే ఊరట.

ఇక నేను చేసిన నిర్వాకం. ప్రోబు పాడైందన్నాను, చూస్తే నిక్షేపంలా ఉంది. కాంటాక్టరు అతుక్కుంటోందన్నాను, పాపం కొత్తది కొని వేశారు. ఎర్తింగ్ బాగాలేదన్నాను, జనరేటర్ని తిట్టాను. నా బోర్డు తప్ప ఆ షెడ్డులో నేను అనుమానించని వస్తువు లేదు.

అక్కడి ఎలక్ట్రీషియన్ నాకంటే పెద్దవాడు, మాట తక్కువ. ప్యానెల్‌కి చెవి ఆనించి, "కరెంటు రాంగనే టక్కుమంటుంది సార్. మీ స్క్రీను అప్పటికింక నల్లగనే ఉంటది" అన్నాడు. "ప్రోగ్రాం రాకముందు పంపెట్లా నడుస్తదన్నా?" అని కసిరాను. ఆయన వాదించలేదు. "గా కార్డు తీసి కరెంటియ్యుర్రి" అన్నాడు. ఓనరు చూస్తున్నాడు, సూపర్‌వైజరు చూస్తున్నాడు, చాయ్ తెచ్చిన పిల్లాడు కూడా గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, మెమరీ కార్డు పీకి జేబులో వేసుకున్నాను, స్విచ్చి వేశాను, టక్ అంది, పంపు తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఆపాల్సిన ప్రోగ్రాం నా జేబులో ఉంది, పరుగెత్తి మెయిన్ దించాను.

ఆ పూట ఎవరి ముఖమూ చూడలేకపోయాను. మీకూ ఇలాంటి పూట ఒకటి ఉండే ఉంటుంది.

సంగతేమిటంటే, ఈ రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి కరెంటు తగలగానే జీపీఐఓ 0 నుంచి 8 వరకు పిన్నులు చిప్పులోని రెసిస్టర్లతో పైకి, 9 నుంచి 27 వరకు కిందికి లాగి ఉంటాయి. నేను వాడింది 5. లోపలి రెసిస్టరు 50 కె దరిదాపుల్లో ఉంటుంది, బలహీనమే. కానీ నేను వాడిన మాస్‌ఫెట్ గేటు కరెంటు తాగదు, 3.3 వోల్టులు కనబడితే చాలు, తెరుచుకుంటుంది. లినక్స్ లేచి, సర్వీసులు లేచి, నా ప్రోగ్రాం వంతు వచ్చేసరికి అర నిమిషం. అంతసేపూ కాస్టిక్ పడుతూనే ఉంది. జనరేటరు అందుకున్నప్పుడొకసారి, మళ్లీ లైను కరెంటుకి మారినప్పుడొకసారి. నేను ఎగ్గొట్టిన 10 కె ఉండుంటే గేటు దగ్గర వోల్టేజి అర వోల్టు దరిదాపుల్లోనే ఆగేది.

కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాస్తే, లినక్స్ కంటే ముందే ఫర్మ్‌వేర్ చదివి పిన్నుని కిందికి దించుతుంది. అదీ రాశాను. కానీ కార్డు చెడిపోతే ఆ లైనూ ఉండదు. రెసిస్టరుని ఎవరూ చదవక్కర్లేదు. అక్కడే కూర్చుని టంకం పెట్టాను. కాంటాక్టరు డబ్బులు నా బిల్లులోంచి కోసేయమని ఓనరుకి నేనే చెప్పాను.

తర్వాత పాత బోర్డులన్నీ తీసి చూశాను. ఆర్డినోలో వాడే ఏటీమెగా చిప్పుల్లో రీసెట్ కాగానే పిన్నులన్నీ ఇన్‌పుట్లే, గొళ్లెం పెట్టని తలుపుల్లా ఎటైనా ఊగుతాయి. లో ఇస్తే పనిచేసే రిలే ఉన్నచోట అప్పట్లో ముందు పిన్నుని ఔట్‌పుట్ చేసి, తర్వాత హై రాశాను. ఆ రెండు లైన్ల మధ్య రిలేకి లో అందుతుంది. ముందు హై రాసి, ఆ తర్వాత ఔట్‌పుట్ చేయాలి. అవన్నీ తిరగరాశాను.

ఇప్పుడు బోర్డు చేయి దాటించే ముందు కార్డు లేకుండా కరెంటిచ్చి, రిలే మీద వేలు ఆనించి కూర్చుంటాను. అది కదలకపోతేనే ప్రోగ్రాం ఎక్కిస్తాను.